తీపి బిస్కెట్లలో పోషక విలువలు: ప్యాకెట్ వెనుక చదవవలసిన లెక్క

పాలలోనో టీలోనో ముంచి ఇచ్చే బిస్కెట్టు తెలుగు పల్లెల్లో చాలా ఇళ్లలో పసిపిల్లలకు తల్లిపాలతో పాటు అందే తొలి ఆహారాలలో ఒకటి. జ్వరం వచ్చినవారికి, వంట కాకముందే బడికి బయలుదేరే పిల్లలకు, తెల్లవారకముందే కూలిపనికి వెళ్లేవారికి కూడా అదే ఆధారం. బిస్కెట్టు తింటే బలమన్న నమ్మకానికి దాని పేరు కొంత తోడ్పడింది. ఆసుపత్రిలో సీసాతో ఎక్కించే గ్లూకోజు, ప్యాకెట్ మీద ముద్రించిన గ్లూకోజు జనం మనసులో ఒకటే. ఈ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడానికి ప్రయోగశాల అక్కరలేదు. ప్యాకెట్ వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పట్టిక చాలు. అయితే ఆ పట్టికను పిల్లల విషయంలో యథాతథంగా చదివితే లెక్క తప్పుతుంది.

సాధారణ గ్లూకోజ్ బిస్కెట్లు 100 గ్రాములలో సుమారు 450 కిలో కేలరీల శక్తి, 75 గ్రాములకు పైగా పిండి పదార్థాలు, 12 నుంచి 15 గ్రాముల కొవ్వు, 6 నుంచి 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పిండి పదార్థాలలో దాదాపు 25 గ్రాములు చక్కెరే. క్రీము బిస్కెట్లలో చక్కెర 30 గ్రాములు దాటుతుంది, కొవ్వు కూడా పెరుగుతుంది. అదే 100 గ్రాముల అన్నంలో శక్తి 130 కిలో కేలరీలకు మించదు. ఈ వ్యత్యాసానికి ప్రధాన కారణం నీరు. అన్నంలో మూడింట రెండు వంతులు నీరే కాగా, కాల్చిన బిస్కెట్టులో తేమ 5 శాతం లోపే. చేతిలో ఇమిడే చిన్న ప్యాకెట్టులో ఒక పూట భోజనానికి దగ్గరగా శక్తి ఇమిడి ఉండడం వరద సహాయక శిబిరంలో గొప్ప సుగుణమే. నిత్యం అన్నానికి ముందు తినే పిల్లల విషయంలో మాత్రం అదే లోపమవుతుంది.

మాంసకృత్తుల పరిమాణం నిజానికి అంత తక్కువేమీ కాదు; వాటి నాణ్యతే తక్కువ. గోధుమ మాంసకృత్తులలో లైసిన్ అనే ఆవశ్యక అమైనో ఆమ్లం కొరవడుతుంది. పొయ్యి వేడిలో గ్లూకోజు వంటి చక్కెరలు ఉన్న లైసిన్‌తోనూ చర్య జరుపుతాయి. ఆకలి పుట్టించే ఆ బంగారు రంగు, కమ్మని వాసన ఆ చర్య ఫలితమే. శరీరానికి అందవలసిన లైసిన్ కొంత అక్కడే నష్టమవుతుంది. పీచు సంగతి మరింత స్పష్టం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గోధుమపిండిలో పీచు 11 గ్రాములకు పైగా ఉండగా మైదాలో 3 గ్రాములకు లోపే. కొవ్వు విషయానికి వస్తే, ఎక్కువ బిస్కెట్లలో వాడేది పామాయిల్. దానిలో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఆమ్లాలే. నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి అమలులో ఉంది కనుక ‘ట్రాన్స్ ఫ్యాట్ సున్నా’ అన్న ముద్ర నేడు పెద్ద విశేషం కాదు. సంతృప్త కొవ్వు గురించి అది ఏమీ చెప్పదు కూడా.

శాతం ఎవరిది?

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ఒక్కో వడ్డన రోజువారీ అవసరంలో ఎంత శాతమో ప్యాకెట్ మీద తెలపాలి. ఆ శాతానికి ఆధారం రోజుకు 2000 కిలో కేలరీలు, 50 గ్రాముల అదనపు చక్కెర, 22 గ్రాముల సంతృప్త కొవ్వు. ఇది పెద్దవారి కొలత. కాని బిస్కెట్లు ఎక్కువగా తినేది పిల్లలు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించిన శక్తి అవసరం రోజుకు 1360 కిలో కేలరీలు. చక్కెర నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపైతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఈ వయసు పిల్లలకు ఆ హద్దులు వరుసగా 34 గ్రాములు, 17 గ్రాములు.

50 గ్రాముల గ్లూకోజ్ బిస్కెట్లలో చక్కెర సుమారు 12.5 గ్రాములు. పెద్దవారి లెక్కలో ఇది 25 శాతం. ఐదేళ్ల పిల్లవాని లెక్కలో 37 శాతం. మేలైన హద్దుతో పోలిస్తే 70 శాతం దాటుతుంది. పాలలో కలిపిన చక్కెర ఇందులో చేరలేదు. పైగా వడ్డన అంటే రెండు మూడు బిస్కెట్లని ముద్రించినా, విప్పిన చిన్న ప్యాకెట్టును పిల్లలు మిగల్చరు. అంగన్‌వాడీలో తల్లులకు వివరించేటప్పుడు శాతాలను పక్కనపెట్టి, 100 గ్రాములకు చక్కెర ఎంతో చూసి, దానిలో సగాన్ని చెంచాలలో కొలిచి చూపితే చాలు. 12.5 గ్రాములంటే రెండున్నర టీ చెంచాలు.

చక్కెర కన్నా తీవ్రమైన నష్టం పళ్లెంలో కనిపించదు. ఆ 50 గ్రాములతో పిల్లవాని రోజు శక్తిలో ఆరో వంతు తీరిపోతుంది. ఆకలి ఆ మేరకు చచ్చి పప్పు, ఆకుకూర, గుడ్డు పక్కకు పోతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. దీనికి బిస్కెట్లే కారణమనడం అతిశయోక్తి. అయితే ఇనుము ఇంతగా కొరవడిన చోట అది అంతగా లేని మైదాతో కడుపు నింపడం తేలికగా తీసుకోదగినది కాదు.

రాగి బిస్కెట్ల శిక్షణలు

ఇక్కడ విస్తరణ రంగం కూడా తన పద్ధతులను పరిశీలించుకోవలసి ఉంది. చిరుధాన్యాల విలువ జోడింపు పేరిట మహిళా సంఘాలకు నేర్పే వంటకాలలో బిస్కెట్టుకు ప్రముఖ స్థానముంది. ఉదాహరణకు 50 గ్రాముల రాగిపిండి, 50 గ్రాముల మైదా, 50 గ్రాముల చక్కెర, 50 గ్రాముల కొవ్వుతో చేసే బిస్కెట్లను తీసుకుంటే, కాలిన తరువాత బరువు సుమారు 190 గ్రాములు. పది గ్రాముల బిస్కెట్లు నాలుగు తిన్న పిల్లవానికి రాగుల నుంచి అందే కాల్షియం 40 మిల్లీగ్రాముల లోపే. వెంట వచ్చే చక్కెర, కొవ్వు చెరి పది గ్రాములకు పైమాటే. అంగడిలోని గ్లూకోజ్ బిస్కెట్టు కన్నా దీనిలో కొవ్వే ఎక్కువ. అదే 40 గ్రాముల రాగిపిండితో జావ కాస్తే కాల్షియం 145 మిల్లీగ్రాములు. చక్కెర బదులు బెల్లం వాడితే రంగు, రుచి మారతాయి గాని లెక్క పెద్దగా మారదు. బెల్లంలోనూ అధిక భాగం సుక్రోజే.

చక్కెర తగ్గించడం వినడానికి తేలిక, చేయడానికి కష్టం. చక్కెర, కొవ్వు రెండూ మైదాలోని గ్లూటెన్ జిగురు బిగియకుండా అడ్డుకుంటాయి. బిస్కెట్టు కరకరలాడుతూ నోట్లో విరగడానికి అదే మూలం. చక్కెర సగానికి తగ్గిస్తే బిస్కెట్టు పొయ్యిలో విస్తరించదు, గట్టిపడుతుంది, రంగు రాదు. మైదాలో కొంత భాగాన్ని శనగపిండితో మార్చడం కొంత సులువు. లైసిన్ లోటు కూడా కొంత తీరుతుంది. అంగడి సరుకుకు వర్తించే మరో నిబంధన సంఘాల సరుకు పరిశీలనకూ ఉపకరిస్తుంది. పేరులోనో బొమ్మలోనో ఏ పదార్థాన్ని ప్రత్యేకంగా చూపితే దాని శాతాన్ని లేబుల్ మీద తెలపాలి. పై ఉదాహరణలో రాగులు పాతిక శాతమే. ఆ అంకెను ‘రాగి బిస్కెట్లు’ అన్న పేరు పక్కనే అంతే పెద్ద అక్షరాలలో ముద్రించడానికి సిద్ధపడే వంటకమేదో, శిక్షణ పాఠంలో చేర్చకముందే తేల్చుకోవడం మంచిది. చిరుతిండిగా నేర్పదలచినప్పుడు వేయించిన శనగలు మరో మార్గం. 30 గ్రాముల శనగలలో 6 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. పొయ్యి, అచ్చులు, ప్యాకింగ్ యంత్రం ఏవీ అక్కరలేదు. నాలుగేళ్లు నిండని పిల్లలకు మాత్రం గొంతుకు అడ్డుపడకుండా పొడి చేసి పెట్టాలి.