కదలవలసిన బొమ్మ ఎందుకు నిలిచిపోతుంది?

గ్రహణపాఠాన్ని కదిలే బొమ్మలతో చెప్పాలని ఒక విద్యార్థికి కోరిక కలుగుతుంది. భూగోళం తిరగాలి, చంద్రుని నీడ దానిపై మెల్లగా పాకాలి, అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడాలి. అన్నీ అమర్చి మీట నొక్కుతాడు. భూగోళం కాస్త కదిలి ఆగిపోతుంది. మళ్ళీ కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. “మా కంప్యూటరు చాలదు మాష్టారూ” అంటాడు పిల్లవాడు. ఔనని మాష్టారూ నమ్ముతారు. పాఠం అంతటితో అటకెక్కుతుంది. కొత్త యంత్రం కొనగల ఇళ్ళు మనలో ఎన్ని? పైగా ఈ తీర్పు చాలాసార్లు న్యాయమైనదీ కాదు.

ఇట్టి పనికి ఎక్కువ ప్రచారంలో ఉన్న సాధనం ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993 జనవరిలో అమెరికాలోని ప్రావిడెన్సు నగరపు చిన్న సంస్థ ఒకటి దీనిని తొలిసారి విడుదల చేసింది. చేతులు మారి 1994లో అడోబీ వారిదయింది. సినిమా చూపే సాధనం ముందే తయారై ఉన్న బొమ్మలను చదివి తెరపై వేస్తుంది. ఇదో, ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గీసి, మెమరీలో దాచుకొని, ఆ పిమ్మటనే చూపుతుంది. మెమరీలో దాచినంత మేర కాలరేఖపై ఆకుపచ్చ గీత, డిస్కులో దాచినంత మేర నీలపు గీత కనిపిస్తాయి. గీత లేనిచోట బొమ్మ తడబడడం జబ్బు కాదు, దాని స్వభావం.

ఆ దాచే బరువెంతో లెక్క కట్టి చూద్దాం. హైస్కూలు విద్యార్థికి ఇది పెద్ద లెక్క కాదు. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత అని చుక్కకు నాలుగు విలువలు. విలువకొక బైటు చొప్పున ఒక్క బొమ్మకు 82,94,400 బైట్లు. సెకనుకు 24 బొమ్మలు కనుక దాదాపు 20 కోట్ల బైట్లు. నిమిషానికి సుమారు 12 గిగాబైట్లు. ఇది 8 బిట్ల రంగు లెక్క. 16 బిట్లయితే రెట్టింపు, 32 బిట్లయితే నాలుగింతలు. 8 గిగాబైట్ల మెమరీ గల యంత్రం నిమిషం పాఠాన్ని పూర్తిగా తన కడుపులో ఉంచుకోలేదని దీనివల్ల తేలుతున్నది. పాఠమంతా ఒక్కసారే చూడాలని పట్టుపట్టకుండా అయిదారు సెకన్ల ముక్కను ఎంచుకొని చూచుకుంటే అదే యంత్రం హాయిగా పనిచేస్తుంది.

ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. 1914లో విన్సర్ మెకే అనే అమెరికన్ చిత్రకారుడు ‘గెర్టీ’ అనే డైనోసారు బొమ్మను ఆడించాడు. వేలకొద్దీ కాగితాలు. కదిలేది గెర్టీ, వెనుకనున్న రాళ్ళు కదలవు. అయినా ఆ రాళ్ళను ప్రతి కాగితంమీద తిరిగి గీయవలసి వచ్చింది. ఆ చాకిరీ అంతా జాన్ ఫిట్జ్‌సిమన్స్ అనే సహాయకుని నెత్తిన పడింది. పాపం, అతని ఓపికకు జోహారు. అదే 1914లో ఎర్ల్ హర్డ్ అనే మరొకడు, కదిలే బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుపై గీసి, కదలని దృశ్యంపై పరచే పద్ధతికి పేటెంటు కోరాడు. నేపథ్యం ఒక్కసారి గీస్తే చాలు! తరువాత వచ్చిన కార్టూను పరిశ్రమ యావత్తూ ఆ రేకు మీదనే నడిచింది.

మన విద్యార్థి కంప్యూటరును తెలియక ఫిట్జ్‌సిమన్స్ చేత చేయించిన చాకిరీకే దింపుతున్నాడు. వెనుక నక్షత్రాలు, వాటికి మెరుపు, ఆ మెరుపుపై మసక: ఒక్కసారి కుదిరిన తరువాత అతడు వాటిని మార్చడు. చంద్రుని కాస్త జరిపితే మాత్రం యంత్రం నక్షత్రాలతో సహా కొత్తగా గీయవలసి రావచ్చు. మార్పు లేని పొరలను ఒక ప్రీకాంపుగా కూర్చి, దానిని విడిగా వీడియోగా రెండరు చేసి, ఆ తయారైన వీడియోనే తిరిగి వాడుకోవాలి. అడుగుపొర కానియెడల పారదర్శకతను నిలిపే రకంలో దాచాలి, సామాన్యమైన హెచ్.264 దానిని నిలుపదు. మూలాన్ని మాత్రం చెరపరాదు.

చూపరులకు కనబడని దానికై పడే శ్రమ ఇంకొకటి. 6000కు 4000 చుక్కల ఛాయాచిత్రాన్ని తెచ్చి తెరమూలన చంద్రునిగా అతికిస్తాం. రెండు కోట్ల నలభై లక్షల చుక్కల్లో కనబడేవి ఏ కొద్దో. ముందే చిన్నది చేసి తెస్తే పోదా? పని జరుగుతున్నంతసేపూ ప్రివ్యూను సగం రిజల్యూషనులో పెట్టుకున్నా నష్టం లేదు. పొడవు సగం, వెడల్పు సగం. గీయవలసిన చుక్కలు నాలుగోవంతు. కదలిక కుదిరిందో లేదో తెలియడానికి అది చాలును. ఫోనుతో తీసిన వీడియోను నేరుగా వాడడంకూడ చిక్కే. దానిలో అనేక బొమ్మలు సంపూర్ణంగా ఉండవు, ఇరుగుపొరుగు బొమ్మలతో పోల్చి విప్పుకోవాలి. ప్రోరెస్ వంటి రకంలోకి మార్చుకుంటే ఫైలు లావవుతుంది గాని పని తేలికవుతుంది.

ఇన్ని చేసినా బొమ్మ నడవకపోతే దోషిని పట్టుకోవాలి. 2021 అక్టోబరులో వచ్చిన సంచికనుండి కాలరేఖ అడుగున నత్త బొమ్మ ఒకటి ఉన్నది. అది నొక్కితే ఏ పొరకు ఎంత కాలం పడుతున్నదో తెలుస్తుంది. (నత్తను ఎంచుకున్నవారెవరో రసికులే.) పాత సంచిక వాడేవారు పొరల్లో సగం ఆర్పి చూడాలి, వేగం వస్తే దోషి ఆ సగంలో ఉన్నట్లు. ఇట్లా సగంలో సగం చేసుకుంటూ పోతే, దోషి ఒక్కటే అయిన పక్షంలో 16 పొరల మధ్యనైనా నాలుగు పరీక్షలలో దొరుకుతుంది. తరగతిలో నల్లబల్లమీద చేయించదగిన లెక్క ఇది.

యంత్రం ఎంత చిన్నదైనా ఫరవాలేదనడం నా అభిప్రాయం కాదు. ఇప్పటి సంచికలకు కనీసం 16 గిగాబైట్ల మెమరీ కావాలని తయారీదారులే చెప్పుతున్నారు. పైగా ఈ సాధనానికి చందా కట్టాలి. ఖర్చులేని బ్లెండరుతో పనిచేసే పిల్లలకుకూడ పై లెక్క వర్తిస్తుంది. చుక్కలు అక్కడా చుక్కలే. డబ్బు దొరికిన రోజున ముందు మెమరీ పెంచి, క్యాషును వేగంగల ఎస్సెస్డీపై ఉంచడం మేలు.

ఇక యంత్రంతో నిమిత్తమే లేని తంటా ఒకటి. బొమ్మ ఎంత మార్చినా తెర మారదు. మూసి తెరిచినా అంతే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో క్యాప్స్ లాక్ మీట పడి ఉన్నంతసేపూ తెర కొత్త బొమ్మ వేయదు. ఆ సంగతి తెర అడుగున రాసి కూడా ఉంటుంది. ఆ మీటను మరొకసారి నొక్కితే సరి.