పంచాయతీ పనిముట్ల పెట్టెలో ఏ ప్లేయరు ఉండవలెను?

వీధిదీపము వెలుగకున్నను, కుళాయి కారుచున్నను మన గ్రామములలో మొదట చేతికి వచ్చు పనిముట్టు కటింగ్ ప్లేయరు. దీపములు, మంచినీరు పంచాయతీ బాధ్యతలు గనుక దీని ఎంపికయు సభ్యులు శ్రద్ధ వహింపదగిన విషయమే. ఒకే ప్లేయరుతో అన్ని పనులు సాగించుట పొదుపువలె తోచును. కాని దానివలన పనిముట్టు చెడును, సామగ్రి చెడును. ఒక్కొక్కప్పుడు పనివాని ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

ముఖ్యమైన రకములు నాలుగు.

కటింగ్ ప్లేయరు తీగను పట్టుటకు, వంచుటకు, పెనవేయుటకు, కత్తిరించుటకు ఉపయోగించును. సాధారణముగా 200 మిల్లీమీటర్ల పొడవు గలది చాలును.

నోస్ ప్లేయరు ముక్కు సన్నగా, పొడవుగా ఉండును. స్విచ్చి పెట్టె వంటి ఇరుకు చోట్ల తీగకొనను పట్టుటకు ఇది తగినది. బలముగా మెలిపెట్టినచో ముక్కు వంకరపోవును.

సైడ్ కట్టరు కత్తిరించుటకు మాత్రమే. రాగి, అల్యూమినియము తీగలకు వాడు దానితో గట్టి ఉక్కుతీగను కోసినచో అంచు గంట్లుపడును.

వాటర్ పంపు ప్లేయరు దవడల ఎడమును పెంచుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును. చిన్న గొట్టములను పట్టుటకు ఇది అనువైనది. పెద్ద గొట్టములకు పైపు రెంచియే కావలెను.

నట్లు విప్పుటకు ప్లేయరును వాడరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము. చేతిపంపు నట్టును దానితో త్రిప్పినచో మూలలు అరిగిపోవును. పిమ్మట సరియైన స్పానరుకును అది పట్టు చిక్కదు.

పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నంతమాత్రమున విద్యుత్తు సోకదని భ్రమపడరాదు. పెక్కు తొడుగులు చేతిపట్టు కొరకు మాత్రమే. విద్యుత్ పనికై పరీక్షింపబడిన పనిముట్టుపై 1000 వోల్టుల అంకెయు, జంట త్రిభుజముల గుర్తును ఉండును. తొడుగు చీలినచో టేపు చుట్టి వాడరాదు; ఆ పనిముట్టును మార్చవలెను. మంచి పనిముట్టు చేత నున్నను, సరఫరాను నిలిపించి, తీగలో విద్యుత్తు లేదని పరీక్షించిన పిమ్మటనే అర్హుడైన పనివాడు దానిని ముట్టవలెను. ఇండ్లకు వచ్చు 230 వోల్టులే ప్రాణము తీయజాలును.

కొనునపుడు ప్లేయరును మూసి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. కత్తిరించు అంచుల నడుమ సందు కనబడరాదు. కీలు వదులుగా ఊగరాదు, బిగుసుకొని ఉండరాదు. సన్నని రాగితీగను ఒక్క నొక్కుతో తెంపవలెను.

ధరను మాత్రమే చూచి కొనక, పనిని చూచి కొనుడు. పనివాని క్షేమమును పంచాయతీ సొమ్మును కాపాడు మార్గము అదియే.