రొయ్యల మీద రాజ్యాల వ్యాజ్యం

వాణిజ్యం, వ్యాజ్యం - ఈ రెండు మాటలూ పలకడంలో ఎంత దగ్గరో, లోకంలో అంతకన్న దగ్గర. బేరం ఉన్నచోట పేచీ ఉండనే ఉంటుంది. ఇద్దరు షావుకార్లు పేచీపడితే పెద్దమనుషులున్నారు. వారివల్ల తెమలకపోతే కోర్టు ఉంది. తీర్పు ఖాతరు చేయనివాడి గుమ్మంలోకి అమీనా వచ్చి జప్తు చేస్తాడు. మరి రెండు గవర్నమెంట్లే పేచీపడితే? మన సరుకును అమెరికా తన రేవులో దిగనివ్వకపోతే ఎవరితో మొరపెట్టుకోవాలి? అమెరికా గుమ్మంలోకి ఏ అమీనా వెళతాడు?

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సుంకాల గొడవ నాది కాదు. కాని మా కాలేజీ పిల్లల్లో చాలామంది రొయ్యల మీద బ్రతికే ఇళ్ళనుంచి వచ్చినవారు. అమెరికాలో సుంకం పెరిగిందని పేపర్లో పడిందంటే, ఆ రోజు క్లాసులో ప్రబంధం ఎవరి చెవికీ ఎక్కదు. పై ప్రశ్న వారిలో ఒకడు వేసిందే. జవాబు కోసం నాలుగు పుస్తకాలు తిరగవేస్తే ఒక చిత్రమైన దావా కంటబడింది. వాదులు నాలుగు దేశాలు, ప్రతివాది అమెరికా. తగాదా రొయ్యల గురించి; నడుమ వచ్చి పడింది సముద్రపు తాబేలు.

రొయ్యల కోసం మరబోట్లు వల లాగేటప్పుడు తాబేళ్ళు కూడా అందులో చిక్కుతాయి. తాబేలు ఊపిరి కోసం నీటిపైకి రావలసిన ప్రాణి. వలలో ఇరుక్కుంటే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. అవి గుడ్లు పెట్టడానికి వచ్చే రోజుల్లో, కాకినాడ ఒడ్డుకు కొట్టుకువచ్చే కళేబరాలను చూచినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దీనికి అమెరికావారు ఒక ఉపాయం కనిపెట్టారు. వలలో కమ్ముల చట్రం ఒకటి అమరుస్తారు. రొయ్య కమ్ముల సందులోంచి లోపలికి పోతుంది. తాబేలు చట్రానికి తగిలి, పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది.

తాబేళ్ళకు ఇలాంటి రక్షణ లేని దేశాలనుంచి సముద్రపు రొయ్యలు కొనరాదని 1989లో అమెరికా చట్టం చేసింది. మొదట దాన్ని కరిబియన్ ప్రాంతపు దేశాలకే వర్తింపజేశారు. 1995 డిసెంబరులో వారి కోర్టు ఒకటి, చట్టం అన్ని దేశాలకూ వర్తించవలసిందేనన్నది. 1996 మే 1 నుంచి అలాగే అమలైంది. చెరువుల్లో పెంచిన రొయ్యకు మినహాయింపు ఉన్నది. దెబ్బ తగిలింది సముద్రం మీద వేటకు పోయేవారికి.

1996 అక్టోబరులో ఇండియా, పాకిస్తాన్, మలేషియా, థాయిలాండ్ కలిసి జెనీవాలోని ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. ఇండియా, పాకిస్తాన్ ఒక పక్షాన నిలవడమే ఒక విశేషం గదా! ఆ సంస్థ 1995 జనవరి 1న వెలసింది. అక్కడ వాది అయినా, ప్రతివాది అయినా గవర్నమెంటే కావాలి. బోటు యజమాని గాని, ఎగుమతి వ్యాపారి గాని తనంతట తాను పోయి దావా వేయడానికి వీల్లేదు. తన గోడు తన గవర్నమెంటుతో చెప్పుకోవాలి.

ఫిర్యాదు చేయగానే విచారణ మొదలుకాదు. ఉద్యోగపర్వం చదివినవారికి ఇది కొత్త కాదు. యుద్ధానికి ముందు ద్రుపదుని పురోహితుడు వెళ్ళాడు, సంజయుడు వచ్చాడు, చివరకు కృష్ణుడే వెళ్ళాడు. జెనీవాలోనూ ముందు రాయబారమే. అరవై రోజులు ఉభయులూ కూర్చుని మాట్లాడుకోవాలి. చాలా తగాదాలు ఇక్కడే చల్లారిపోతాయి. కుదరకపోతేనే ప్యానెల్ అనే పంచాయితీ వేస్తారు. అందులో సాధారణంగా ముగ్గురు. ఆ తగాదాపడ్డ దేశాలవారు కాకూడదన్నది నియమం. వారి తీర్పు నచ్చకపోతే పైన అప్పీలు పీఠం ఉన్నది. దానికి ఏడుగురు సభ్యులు. ఒక్కొక్క దావాను ముగ్గురు వింటారు. మనవారు ఏ.వి. గణేశన్, ఉజల్ సింగ్ భాటియా ఆ పీఠం మీద కూర్చున్నవారే.

రొయ్యల దావాలో 1998 మే నెలలో ప్యానెల్ అమెరికాది తప్పన్నది. అమెరికా అప్పీలు చేసింది. అక్టోబరు 12న పీఠం చెప్పిన తీర్పు చదివి, నేను రెండోసారి కూడా చదివాను. తాబేలును కాపాడాలనుకోవడం తప్పుకాదు, అందుకు ఒప్పందంలో చోటున్నది అన్నారు. కాని కాపాడే తీరు న్యాయంగా లేదన్నారు. కరిబియన్ దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్ళ గడువు ఇచ్చి, ఈ దేశాలకు నాలుగు నెలలే ఇచ్చారు. అమెరికా ఖండపు దేశాలతో కూర్చుని ఒప్పందం కుదుర్చుకుని, వీరితో అంత శ్రద్ధగా మాట్లాడనైనా లేదు. సరుకు ఎందుకు కాదన్నారో కారణం చెప్పలేదు. ఎదురు చెప్పుకునే అవకాశమూ ఇవ్వలేదు. అంటే, చేసిన పని కన్నా చేసిన పద్ధతికి తప్పు పట్టారన్నమాట.

వెనకటి రోజుల్లో అయితే ఈ తీర్పు కాగితం మీదనే ఉండిపోయేదేమో! 1947లో ఇండియాతో సహా 23 దేశాలు సంతకాలు చేసిన గాట్ ఒప్పందం కింద కూడా పంచాయితీలు జరిగేవి. అయితే తీర్పు ఖాయం కావాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఆ అందరిలో ఓడినవాడూ ఒకడు! 1995లో దీన్ని తలకిందులు చేశారు. తీర్పు వద్దని అందరూ, గెలిచినవాడితో సహా, అంటేనే అది ఆగుతుంది.

అమెరికాకు పదమూడు నెలల గడువు దొరికింది. 1999లో అది చట్టాన్ని ఉంచుకుని, అమలుచేసే నిబంధనలను మార్చింది. మా చట్రమే వాడాలన్న పట్టు విడిచి, అంత ఫలితమూ ఇచ్చే వేరే ఉపాయమైనా సరేనన్నది. ఇది చాలదని మలేషియా మళ్ళీ దావా తెచ్చింది, 2001లో ఓడిపోయింది. తాబేలు గెలిచింది, జాలరి మాట కూడా ఒకరు విన్నారు. ఎవరూ పూర్తిగా గెలవలేదు.

అలా అని కథ సుఖాంతం అనుకోకండి. 2019లో అమెరికా, తాబేళ్ళకు తగిన రక్షణ లేదని, మన సముద్రపు రొయ్యను మళ్ళీ కాదన్నది. తీర్పు మనకు మర్యాద సంపాదించి పెట్టిందే గాని, వలలో చట్రం బిగించే పని మనకు తప్పించలేదు.

ఇక అమీనా సంగతి. జెనీవాకు పోలీసులు లేరు. ఓడినవాడు మాట వినకపోతే, గెలిచినవాడు అనుమతి పుచ్చుకుని అతని సరుకు మీద ఎదురు సుంకం వేయవచ్చు. పెద్ద దేశం వేస్తే అది దెబ్బే. చిన్న దేశం వేస్తే తన నోరే కాలుతుంది. లక్ష జనమున్న ఆంటిగ్వా-బార్బుడా, ఇంటర్నెట్ జూదం తగాదాలో అమెరికా మీద గెలిచింది. ఏటా రెండు కోట్ల పది లక్షల డాలర్ల మేరకు అమెరికావారి కాపీహక్కుల వంటివాటిని పక్కన పెట్టవచ్చునని 2013లో అనుమతి కూడా వచ్చింది. ఆ చీటీ పట్టుకుని అంత చిన్న దేశం అంత పెద్ద దేశాన్ని ఏం చేయగలదు?

అంతకన్న పెద్ద చిక్కు తరవాత వచ్చింది. పీఠం అధికారం దాటి తీర్పులు చెబుతున్నదంటూ, 2017 నుంచి అమెరికా కొత్త సభ్యుల నియామకానికి అడ్డుపడింది. అక్కడ నియామకానికి అందరూ సరేననాలి. 2019 డిసెంబరు 10న భాటియాతో పాటు మరొకరి గడువు ముగిసి, పీఠం మీద ఒక్కరే మిగిలారు. ముగ్గురు లేనిదే విచారణ లేదు. మరుసటి ఏడు ఆ ఒక్కరూ దిగిపోయారు. అప్పటినుంచి ఓడినవాడికి ఒక సులువు దొరికింది. వినేవాడు లేని పీఠానికి అప్పీలు పెట్టి, తీర్పును అటక మీద పెట్టించవచ్చు. ఈ పని అందరూ చేస్తున్నారు. చక్కెర దావాలో 2021 డిసెంబరులో ప్యానెల్ మనకు వ్యతిరేకంగా చెబితే, మనవారూ ఆ ఖాళీ పీఠానికే అప్పీలు పెట్టారు. ఐరోపా దేశాలు, చైనా, బ్రెజిల్ మొదలైనవి 2020లో తమలో తమకు తాత్కాలికపు అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి. మనం అందులో చేరలేదు.

చివరకు మిగిలేది రాజీయే. 2023లో ఇండియా, అమెరికా ఏడు పాత దావాలను మాట్లాడుకుని ముగించాయి. శనగలు, బాదం, ఆపిల్ వంటివాటి మీద వేసిన ఎదురు సుంకాలు మనం ఎత్తివేశాం. రాజీ మంచిదే. కాని వెనక న్యాయస్థానం ఉన్నప్పటి రాజీ వేరు, లేనప్పటి రాజీ వేరు. రెండోదానిలో బలవంతుడు చెప్పిందే రాజీ అవుతుంది.

ఆ కుర్రవాడికి నేను చెప్పిన జవాబు ఇంతే: జెనీవా కోర్టు ఎవరినీ కొట్టలేదు, ఎవరి ఆస్తీ జప్తు చేయలేదు. అది చేయగలిగిన పని ఒక్కటే - బలవంతుణ్ణి నిలబెట్టి, ఎందుకు చేశావని అడగడం. లోకంలో మరెక్కడా సముద్రపు జాలరి తరఫున అమెరికాను అలా అడిగేవారు లేరు. అందుకే ఆ కుర్చీలు ఖాళీగా ఉండడం జెనీవాకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు.