గ్లైరిసీడియా పుట్టినిల్లు: కోస్టారికా దేశపు స్వదేశీ వృక్షములు

మన సంఘ సభ్యులలో గ్లైరిసీడియా చెట్టు నెఱుగని రైతు అరుదు. వరిమడికి పచ్చిరొట్ట కావలసిన తరుణమున దాని మండలు నరికి దమ్ములో త్రొక్కించుటయు, కొలది మాసములలో నది మరల చిగిర్చి నిలుచుటయు పలువురకు అనుభవములోని సంగతులే. దీనినే కొందఱు గిరిపుష్పమనియు పిలుచుచున్నారు.

పదునేడేండ్ల క్రిందట ఈ చెట్టును గూర్చి బోధించుటకు మేమొక గ్రామమునకు వెళ్లితిమి. అచ్చటి గట్లమీద పాత కానుగచెట్లుండెను. అవి నిదానముగా పెరుగుననియు, వాని చోట గ్లైరిసీడియా నాటినచో రొట్ట త్వరగా చేతికి వచ్చుననియు మేము చెప్పితిమి. మా మాట నమ్మి కొందఱు కానుగలను కొట్టివేసిరి. అప్పుడు గట్టుపై కూర్చున్న ఒక వృద్ధ రైతు, "అయ్యా, ఈ చెట్టు పుట్టిన దేశములో రైతులు గట్లమీద ఏమి వేసికొందురండీ?" అని అడిగెను. మాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు మనసు రాక, "అక్కడ నిది అడవిచెట్టు" అని మాట దాటవేసితిమి. ఆయన మరేమియు అనలేదు. కాని ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. తరువాత చదివి తెలిసికొన్న సంగతులను, ఆలస్యముగానైనను, ఇందు విన్నవించుచున్నాము.

దేశ స్థితి

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు గోళముపై ఉత్తర దక్షిణ అమెరికాలను కలుపు సన్నని భూభాగమును వ్రేలితో చూపి, అది ఆ ఖండముల నడుమని చెప్పెడివారు. ఆ నడుములోనిదే కోస్టారికా. దాని వైశాల్యము సుమారు 51,100 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణములో సగముకంటెను కొంచెము తక్కువ. ఇంత చిన్న దేశములో, ఫెర్ను జాతులతో కలిపి, సుమారు 10,000 జాతుల మొక్కలు గలవు. వానిలో పదింట ఒకటికి తక్కువగాక ఆ దేశమున తప్ప ప్రపంచములో మరెచ్చటను సహజముగా మొలువవు. సీతాకోకచిలుక పూలవంటి పూలు పూయు ఆర్కిడ్లే 1,400 జాతులకు పైగా నున్నవి. వానిలో ఊదారంగు పూల గ్వారియా మొరాదా 1939లో జాతీయ పుష్పమాయెను.

ఇంతటి సంపదకు కారణములు రెండు. సుమారు ముప్పది లక్షల సంవత్సరములకు పూర్వము సముద్రము మూసికొని రెండు ఖండములు కలిసినప్పుడు, ఉత్తరపు మొక్కలును దక్షిణపు మొక్కలును ఈ వంతెనపై నెదురుపడెను. ఇది మొదటి కారణము. దేశము నడుమ నిలిచిన పర్వతశ్రేణి రెండవది. తూర్పున కరీబియను సముద్రపు గాలులు సంవత్సరము పొడవునను వాన కురియించును. పడమట పసిఫిక్ వైపున, ముఖ్యముగా గ్వానకాస్తే అను వాయవ్య మండలమున, డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు చినుకుండదు. చెట్లు ఆకురాల్చి మన మెట్టసీమలలోని వేసవి అడవివలె నుండును. మన గ్లైరిసీడియా పుట్టినది ఇట్టి పొడినేలలలోనే. మెక్సికో మొదలుకొని మధ్య అమెరికా పసిఫిక్ తీరము వెంబడి నున్న మెట్టప్రాంతములు దాని పుట్టినిల్లు. స్పెయిను దేశస్థులు దానిని ఫిలిప్పీను దీవులకు గొనిపోయిరి. క్రమముగా అది ఆసియా యంతటను వ్యాపించెను.

నిద్రగన్నేరును, సీమచింతయు, గుళ్లముందర నాటుకొను దేవగన్నేరును ఆ ప్రాంతపు చెట్లే. మనము వానిని ఎంతో కాలముగా చూచుచుండుటచే ఇచ్చటివేయని తలచుచున్నాము.

అక్కడి గట్లమీది చెట్లు

వృద్ధ రైతు ప్రశ్నకు మొదటి సమాధానము సులభము. అక్కడి రైతులు గట్లమీద వేసికొనునది ఈ గ్లైరిసీడియానే. మేము అడవిచెట్టని చెప్పినది సగము నిజమే. అడవినుండి దానిని పొలములోనికి తెచ్చుకొన్నవారు అక్కడి రైతులే.

ఆ దేశమున పశువుల బీళ్లకు, తోటలకు కంచెగా ప్రాణమున్న కొమ్మలనే పాతుదురు. మనిషి యెత్తు కొమ్మలను ఎండకాలములో నరికి వరుసగా నాటి, అవి వేరూనిన తరువాత వానికే తీగ బిగింతురు. కృష్ణపక్షములో నరికిన కొమ్మ బాగుగా నాటుకొనునని అక్కడి పెద్దల నమ్మకము. మన పెద్దలు వెదురు నరకుటకు తిథి చూచినట్లే. ఎఱ్ఱని బెరడు పొరలు పొరలుగా లేచు బుర్సెరా చెట్టును కూడ ఇట్లే పాతుదురు. ఇట్టి కంచె కుళ్లదు, చెదలు తినదు, ఏటేట మండలనిచ్చును.

గ్లైరిసీడియాకు అక్కడ పేర్లనేకము. కకావో తోటలకు నీడనిచ్చునది గనుక "కకావో తల్లి" యనియు, గట్టి కఱ్ఱ గనుక "నల్లదూల" మనియు, బెరడును ఆకును నూరి ధాన్యముతో కలిపి ఎలుకలకు పెట్టుదురు గనుక "ఎలుకలను చంపునది" యనియు పిలుతురు. శాస్త్రనామమున కర్థమును ఇట్టిదే. ఆవులు, మేకలు దాని ఆకు తినునుగాని గుఱ్ఱములకది విషము.

1980వ దశాబ్దములో ఆక్స్‌ఫర్డు అటవీశాస్త్రజ్ఞులు మెక్సికో, మధ్య అమెరికా దేశముల అడవులలో తిరిగి ఈ చెట్టు విత్తనములను చోటుచోటున సేకరించి, అనేక దేశములలో నాటించి చూచిరి. ఒక చోటి విత్తనమునకును మరియొక చోటి విత్తనమునకును ఆకు దిగుబడిలో ఎంతో భేదము కనబడెను. గ్వాటిమాలా దేశములోని రెతాలుల్యూ ప్రాంతపు విత్తనము చాలచోట్ల మేలైనదిగా తేలెను. కొమ్మ నాటిన చెట్టు తల్లిచెట్టునకు అచ్చుపోసినట్లుండును. తల్లికి లేని గుణము బిడ్డకు రాదు. ఒకదానికి పట్టిన తెగులు అన్నిటికిని పట్టును. క్రొత్త గుణము కావలెనన్నచో పుట్టినింటి అడవికే పోవలెను. ఆ అడవి మిగిలియున్నదా యనునదియే ప్రశ్న.

చెవిచెట్టు కథ

గ్వానకాస్తే మండలమునకు పేరిచ్చిన చెట్టు మన దిరిసెనకు, నిద్రగన్నేరుకు జ్ఞాతి. పెద్ద గొడుగువలె వ్యాపించును. దాని కాయ మనుష్యుని చెవివలె చుట్టుకొనియుండును. మెక్సికో ఆదివాసుల భాషలో ఆ పేరునకు చెవిచెట్టని యర్థము. 1959లో కోస్టారికా ప్రభుత్వము దానిని జాతీయ వృక్షముగా ప్రకటించెను.

ఈ చెట్టు కాయలు చెట్టుక్రిందనే రాలి గుట్టలుగా పడియుండును. వానిని తిని విత్తనములను దూరముగా విడుచు పెద్ద జంతువు ఆ అడవిలో లేదు. దేవుడు వ్యర్థముగా కాయలు కాయించునా యని మనకు తోచును. 1982లో డేనియల్ జాంజెన్, పాల్ మార్టిన్ అను శాస్త్రజ్ఞులు దీనికొక కారణము సూచించిరి. సుమారు పదివేల సంవత్సరములకు పూర్వము ఆ దేశమున ఏనుగును బోలిన మృగములు, నేలపై తిరుగు మహాకాయపు స్లాతులు, అడవిగుఱ్ఱములు నుండెడివి. ఈ కాయలు వానికొఱకు ఏర్పడినవి. మృగములు నశించెను, చెట్లు నిలిచెను. తరువాత స్పెయినువారు తెచ్చిన గుఱ్ఱములును పశువులును ఆ కాయలను తిని, పేడతో విత్తనములను వెదజల్లసాగెను. తుమ్మకాయలు తిన్న మేకల మందవిడిసిన చోట తుమ్మమొక్కలు మొలుచుట చూచిన మన రైతున కిది వింతగా తోపదు.

కొండలమీదను దీవిలోను

పొడినేలలు దాటి పైకి పోగా మొక్కలు మారును. పొవాస్ అగ్నిపర్వతపు సానువులమీద గన్నెరా అను మొక్క గలదు. దాని ఆకు మన చేటకంటె ఎన్నియో రెట్లు పెద్దది. వానలో దానిక్రింద మనిషి తలదాచుకొనవచ్చును. అక్కడివారు దానిని "పేదవాని గొడుగు" అందురు. నిస్సారమైన నేలలో నింత పెద్ద ఆకు ఎట్లు పెరుగునన్నచో, దాని కాండములో నాస్టాక్ అను నీలి నాచు కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. మన వరిమళ్లలో నేలకు బలమిచ్చు నీలి ఆకుపచ్చ నాచు ఈ వర్గములోనిదే.

ఇంకను పైన తలమాంకా పర్వతములలో మబ్బులు క్రమ్మిన ఓకు వృక్షముల అడవులున్నవి. వానికి మీదుగా 3,820 మీటర్ల యెత్తున చిర్రిపో శిఖరమున్నది. ఆ చలిలో చెట్టు నిలువదు. కోస్టారికా, పనామా పర్వతములకే పరిమితమైన ఒక పొట్టి వెదురు మాత్రము గుబురుగా కమ్ముకొనియుండును. పర్వతశిఖరము మొక్కకు దీవివంటిది. క్రిందికి దిగి బ్రతుకలేదు, ఎగిరి మరియొక శిఖరమునకు పోలేదు. అందుచే అక్కడి దక్కడనే వేరు జాతియగును.

నిజమైన దీవియు నొకటి గలదు. తీరమునకు సుమారు 550 కిలోమీటర్ల దూరమున నున్న కోకోస్ దీవి అది. అచ్చటి సాకోగ్లాటిస్ హోల్డ్‌రిడ్జీ, సెక్రోపియా పిట్టియరీ అను చెట్లు ఆ దీవిలో తప్ప ఎక్కడను లేవు. రెండవదాని పేరు హెన్రీ పిట్టియరు అను స్విట్జర్లాండు పండితుని స్మారకము. ఆయన 1887లో కోస్టారికాకు వచ్చి అక్కడి మొక్కలను పరిశోధించి, ప్రజలకుపయోగపడు మొక్కలను గూర్చి 1908లో గ్రంథము ప్రకటించెను. పూర్వము నావికులు ఆహారమునకై విడిచిన పందులు ఆ దీవి నేలను త్రవ్విపోయగా మన్ను కొట్టుకొనిపోయినది. పరాయి ప్రాణిని తెచ్చి విడుచుట ఒక పూటపని. దాని ఫలమును తరతరములు అనుభవింపవలెను.

ఇన్ని పరిశోధనలు జరిగినను తెలియని చెట్లు మిగిలియే యుండెను. 1989లో ఇరువురు కోస్టారికా శాస్త్రజ్ఞులు పర్వతారణ్యములోని ఒక చెట్టును క్రొత్త జాతిగా వర్ణించి, "టికోల గుర్తింపబడని చెట్టు" అను నర్థము వచ్చునట్లు టికోడెండ్రాన్ ఇంకాగ్నిటం అని పేరిడిరి. కోస్టారికా ప్రజలు తమ్ము టికోలని చెప్పుకొందురు. ఆ చెట్టు ఏ కుటుంబములోను ఇమడకపోగా 1991లో దానికొక కుటుంబమునే ఏర్పఱచిరి. తరువాత అది మెక్సికో దక్షిణభాగము మొదలు పనామా వరకు ఉన్నదని తేలినది. మనుష్యుల కంటి యెదుట నిలిచిన పెద్ద వృక్షము అంతకాలము పేరులేక యుండెను.

నష్టమును దిద్దుబాటును

1950 మొదలు మూడు దశాబ్దములలో ఆ దేశపు అడవులు వేగముగా నరకబడెను. మాంసమునకై పశువులను పెంచుటకు బీళ్లు కావలసెను. 1980వ దశాబ్దములో అడవి దేశములో సుమారు నాలుగవవంతునకు దిగిపోయెను. పసిఫిక్ తీరపు పొడి అడవి మఱింత నశించెను. స్పెయినువారు వచ్చిననాడు మెక్సికో మొదలు పనామా వరకున్న అట్టి అడవిలో నూటికి రెండు పాళ్లుకూడ చెక్కుచెదరక మిగులలేదని జాంజెన్ 1988లో వ్రాసెను. గ్లైరిసీడియా పుట్టినిల్లు ఆ అడవియే యని పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

బీళ్లలో ఆఫ్రికానుండి తెచ్చిన జరాగ్వా అను గడ్డి వేసిరి. అది మనిషి యెత్తు పెరిగి ఎండకాలములో నిప్పంటుకొని, మొలచిన ప్రతి చెట్టును కాల్చివేయుచుండెను. జాంజెనును ఆయన భార్య విన్నీ హాల్వాక్సును 1985 తరువాత స్థానికులతో కలిసి దీనికి పూనుకొనిరి. వారు చేసిన పనిలో ముఖ్యమైనది నిప్పును ఆపుట. ఆ బీళ్లలో పశువులు కాచినవారినే కూలియిచ్చి అగ్గికాపలాకు పెట్టిరి. మొదటి యేండ్లలో గడ్డి ఎక్కువ పెరుగకుండ పశువులనే మేపిరి. తరువాత గాలి విత్తనములను తెచ్చెను. మన కొండగోగుకు జ్ఞాతియగు పసుపుపూల చెట్టు దూదివిత్తనములతో ముందుగా వచ్చెను. బీటిలో నీడకై విడిచిన ఒంటిచెట్లపై పక్షులు వ్రాలి, తిన్నదానిని విడిచి, చెట్టుక్రింద చిన్న అడవిని లేపెను. 1999లో ఆ ప్రదేశము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడెను.

1996లో దేశమంతటికిని అటవీచట్టము వచ్చెను. అడవిని నిలిపిన భూస్వామికి పెట్రోలుపై విధించిన పన్నునుండి సొమ్ము చెల్లించు ఏర్పాటు దానివలన కలిగెను. మాంసపు ధర పడిపోవుటయు దీనికి తోడ్పడెను. నేడు ఆ దేశములో సగమునకు పైగా అడవి గలదు. ఐనను తిరిగి వచ్చినది పాత అడవి కాదు. పాత అడవి కావలెనన్న శతాబ్దములు పట్టును.

మన గట్ల సంగతి

ఇప్పుడు వృద్ధ రైతునకు రెండవ సమాధానము. అక్కడి రైతు తన నేల నెఱిగిన చెట్టును తన గట్టున వేసికొన్నాడు. మేము ఆ చెట్టును తెచ్చితిమిగాని, ఆ వివేకమును తేలేదు. కానుగ వేసవి ఎండలో నీడనిచ్చును, గింజకు చమురుండును, ఆకు రొట్టకు వచ్చును. అది మన నేల నెఱిగిన చెట్టు. దానిని కొట్టించుట మా పొరపాటని ఈ పత్రికాముఖమున ఒప్పుకొనుచున్నాము.

గ్లైరిసీడియా వలదని మేము చెప్పుట లేదు. అది మంచి చెట్టు, ఖాళీగట్టున నాటుకొనవలసినదే. నాటునప్పుడు ఒకే చెట్టు కొమ్మలుగాక, వీలైనచో వేర్వేరు చెట్ల విత్తనములనుండి పెంచిన మొక్కలను కలుపుకొనుడు. ఉన్న కానుగను, వేపను, తుమ్మను దానికొఱకు తీయకుడు. బంజరులో వెంపలిని మొలువనిండు. వేసవిలో గట్లకు, బీళ్లకు నిప్పు పెట్టు వాడుకను మానుకొనుడు. నిప్పు మానినచో గాలియు, పక్షియు, పశువును చేయు నాట్లకు కూలి యక్కరలేదు.

ఆ గ్రామమునకు మేము మరల వెళ్లితిమి. ప్రశ్న యడిగిన పెద్దాయన లేరు. ఆయన కుమారుని పొలములో ఒక్క కానుగచెట్టు మిగిలియున్నది. నాడు తండ్రి కొట్టనీయలేదట. దాని క్రింద రాలిన కాయలను సంచిలో పోసికొని వచ్చితిమి. వానకాలమున మొలకలు సిద్ధమగును. కావలసిన సభ్యులు సంఘ కార్యాలయమునకు వచ్చి పేరు వ్రాయించుకొనవలెను. మొదటి మొలకలు ఆ గ్రామమునకే పోవును.