వత్తులు విడిపోతే... తప్పు ఫాంటుది కాదు!

సంగారెడ్డి జిల్లా బొంతపల్లి వీరభద్రస్వామి ఆలయం గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నారు. ‘బొంతపల్లి వీరభద్రస్వామి’ అని కొడితే తెరమీద ‘బొంతపల్‌లి వీరభద్‌రస్‌వామి’ అని పడింది. అక్షరాలన్నీ ఉన్నాయి... వత్తులే కిందికి దిగలేదు! ఈమాక్స్‌ అనే టెక్స్ట్‌ ఎడిటర్‌ను సొంతంగా కంపైల్‌ చేసుకున్నవాళ్లకు ఎదురయ్యే చిక్కే ఇది.

రిచర్డ్‌ స్టాల్‌మన్‌ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్‌ సోర్స్‌కోడ్‌ ఎవరికైనా ఉచితమే. దాన్ని తమ కంప్యూటర్‌కు తగ్గట్టు తయారుచేసుకోవడమే కంపైల్‌ చేయడం. తీరా తెరిస్తే తెలుగు ఇలా చెదిరిపోయి, మెనూలు ఎప్పటివో పాత కంప్యూటర్లలోలా మొద్దుగా ఉంటాయి. చాలామంది ఫాంటును తిట్టుకుని మరోటి దించుకుంటారు. పాపం, దాని తప్పేముంది?

యూనికోడ్‌లో ‘ల్లి’ ఒకే ముక్క కాదు. ల, పొల్లు, మళ్లీ ల, ఆపైన గుడి... వరసగా నాలుగు. వాటిని చూసి ఏ ఆకారం ఎక్కడ కూర్చోవాలో తేల్చే పని హార్ఫ్‌బజ్‌ది. 2020లో వచ్చిన 27వ వెర్షన్‌ నుంచి ఈమాక్స్‌ దాని సాయం తీసుకుంటోంది. కంపైల్‌ చేసేటప్పుడు దాని డెవలప్‌మెంట్‌ ఫైళ్లు దొరక్కపోతే పని ఆగదు, అది లేకుండానే కానిచ్చేస్తుంది. మెనూలకు సొగసునిచ్చే జీటీకేదీ ఇదే కథ.

నిజానికి ఈ సంగతి ముందే చెబుతుంది. ‘కాన్ఫిగర్‌’ ఆదేశం ఇచ్చాక చివర్లో వచ్చే చిట్టాలో హార్ఫ్‌బజ్‌ ఎదురుగా ‘నో’ అని ఉంటుంది. అన్ని వరసల మధ్య దాన్ని చదివేదెవరు! ఉబుంటులోనైతే లిబ్‌హార్ఫ్‌బజ్‌-డెవ్‌, లిబ్‌జీటీకే-3-డెవ్‌ ప్యాకేజీలు పెట్టుకుని, మళ్లీ కాన్ఫిగర్‌ నుంచే మొదలుపెట్టాలి.

అయ్యాక ఈమాక్స్‌ తెరిచి, కంట్రోల్‌తో కలిపి హెచ్‌, తర్వాత ఉత్త హెచ్‌ నొక్కితే ఎన్నో భాషల పలకరింపులు వస్తాయి. అందులో మన ‘నమస్కారం’ వెతికి, క వత్తు స కిందికి చేరిందో లేదో చూసుకుంటే సరి.