గుర్తింపు పత్రము

సీతాదేవిని వెదకుటకు పోవు హనుమంతునకు శ్రీరాముడు తన యుంగరమును ఇచ్చి పంపెను. లంకలో హనుమంతుని చూచినప్పుడు, రావణుడే మారువేషమున వచ్చెనేమో యని సీత శంకించెను. ఆ యుంగరమును చూచిన పిమ్మట ఆమె నమ్మకము దృఢపడెను. ఎదుటివాడు ఎవ్వడో తెలియనప్పుడు ఆనవాలు ఒకటి కావలెను. నేటి ఛాయాచిత్రముగల గుర్తింపు పత్రము అట్టి ఆనవాలే.

పూర్వము పల్లెలలో ఇట్టి పత్రములతో నిమిత్తము లేకయే పనులు జరిగెడివి. ఊరివారందరు ఒకరినొకరు ఎరుగుదురు. 'ఫలానావారి కుమారుడు' అనిన చాలును. కాలక్రమమున జనులు చదువులకును, ఉద్యోగములకును, కూలిపనులకును దూరప్రాంతములకు పోవుట హెచ్చినది. హైదరాబాదు వంటి మహానగరమున పొరుగింటివాని పేరైనను తెలియకపోవచ్చును. ఒకే పేరు పదుగురికి ఉండవచ్చును. ఒకరి పేరును మరియొకరు చెప్పుకొనవచ్చును గాని, ఒకరి ముఖమును మరియొకరు అరువు తెచ్చుకొనలేరు. కావుననే పత్రముపై పేరుతోపాటు ఛాయాచిత్రమును చేర్చిరి. పదవ తరగతి పరీక్షల హాలుటిక్కెట్టుపై విద్యార్థి ఛాయాచిత్రము ఉండుటకు కారణ మిదియే.

ఎన్నికలనాడు దీని ప్రయోజనము మరింత స్పష్టముగా తెలియును. పోలింగు కేంద్రమున అధికారి ఓటరు పేరును బిగ్గరగా చదువును. వచ్చినవాడు అతడు కాడని తోచినచో, అభ్యర్థుల ఏజెంట్లు అభ్యంతరము తెలుపవచ్చును. కాని వారెవ్వరును ఎరుగని మనిషి వచ్చినచో, ఒకరి ఓటును వేరొకరు వేయుటకు అవకాశము కలదు. దీనిని అరికట్టుటకై, శ్రీ టి. ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనరుగా నున్న కాలమున, 1993లో ఓటర్లకు ఛాయాచిత్రముగల గుర్తింపు పత్రముల నొసగవలెనని ఎన్నికల సంఘము ఉత్తరువు చేసెను.

ఇచ్చట ఒక విషయమును గమనింపవలెను. పత్రము ఉన్నంత మాత్రమున ఓటు వేయుటకు వీలులేదు. ఓటర్ల జాబితాలో పేరు ఉండవలెను. జాబితాలో పేరుండియు ఆ పత్రమును చూపలేనివాడు, ఎన్నికల సంఘము అంగీకరించిన పాస్‌పోర్టు, డ్రైవింగు లైసెన్సు వంటి మరియొక పత్రమును చూపి ఓటు వేయవచ్చును. హక్కు మనుష్యునిది, పత్రము దానికి సాక్షి మాత్రమే.

ఆధార్ విషయమునను ఈ సత్యమును మరువరాదు. 12 అంకెలుగల ఆధార్ సంఖ్యను 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామమున మొదటిసారి ఇచ్చిరి. దీనికై పెద్దవారి ఛాయాచిత్రముతోపాటు పది వ్రేళ్ళ ముద్రలను, రెండు కంటిపాపల గుర్తులను తీసుకొందురు. రేషను దుకాణములందు వ్రేలిముద్రను చూచి బియ్యము ఇచ్చు పద్ధతి వచ్చినది. కాని పలుగు, పార పట్టి పనిచేయు కూలివాని వ్రేళ్ళ గీతలు అరిగిపోవును. వృద్ధుల గీతలును స్పష్టముగా నుండవు. అట్టివారిని యంత్రము గుర్తింపలేకపోవచ్చును. అంతమాత్రమున ఒక ముసలమ్మను వట్టి సంచితో ఇంటికి పంపుట న్యాయమగునా? ఆమె ఎవరో దుకాణదారు ఎరుగును; ఇరుగుపొరుగువారు ఎరుగుదురు. ఎరుగనిది యంత్ర మొక్కటియే.

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్‌పై తీర్పు చెప్పుచు, ఆ సంఖ్యను చూపలేకపోయిన కారణమున ఏ బాలునికిగాని, బాలికకుగాని పథకముల ప్రయోజనమును నిరాకరింపరాదని, ఇతర పత్రములను చూచి దానిని ఒసగవలెనని స్పష్టము చేసెను.

గుర్తింపు పత్రమును భద్రముగా దాచుకొనుట, అందలి తప్పులను సకాలమున దిద్దించుకొనుట, దానిని పరుల చేతికి ఈయకుండుట ప్రతివాని విధి. చదువురాని పెద్దలకు ఈ పనులలో తోడ్పడుట విద్యార్థులకు తగిన సేవ. పత్రమును పరీక్షించువారికిని ఒక విధి కలదు. సీతాదేవి ఉంగరమును చూచుటతో సరిపెట్టుకొనలేదు. అంతకుముందే హనుమంతుని ప్రశ్నించి, అతని మాటలను సావధానముగా వినెను. పత్రమును చూచు కన్నుతోపాటు, మనిషి మాటను వినిపించుకొను చెవియు వారికి ఉండవలెను.