మొక్కజొన్నలో రాతి భాస్వరం, పప్పుజాతి అవశేషాలు: పశ్చిమ కెన్యా అనుభవం

పశ్చిమ కెన్యాలో చిన్న రైతులకు మొక్కజొన్నే ప్రధాన ఆహారం. ఏటా రెండు వర్షకాలాలున్నా అక్కడ దిగుబడులు పెరగకపోవడానికి నేలలో నత్రజని, భాస్వరం లోపించడమే ముఖ్య కారణం. ఆ ఎర్రని ఆమ్ల నేలల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. 1990వ దశకంలో నైరోబీలోని ఇక్రాఫ్, కెన్యా వ్యవసాయ, అటవీ పరిశోధన సంస్థలు ఈ రెండు లోపాలను స్థానిక వనరులతో సవరించే మార్గాలను పరిశీలించాయి.

భాస్వరం కోసం పొరుగున ఉన్న టాంజానియాలో, మన్యారా సరస్సు సమీపంలో దొరికే మింజింగు రాతి భాస్వరాన్ని ఎంచుకున్నారు. అందులో భాస్వర మూలకం సుమారు 13 శాతం. నత్రజని కోసం జీలుగ, జనుము, వెంపలి ప్రజాతులకు చెందిన పైర్లను పెంచారు. జాతులు వేరైనా ఈ మూడూ తెలుగు రైతులకు పరిచితమైన కుటుంబానివే. ఆరు నెలల నుంచి రెండేళ్లలో ఇవి హెక్టారుకు 100 నుంచి 200 కిలోల నత్రజనిని సమకూర్చగలవు. అయితే ఆ వ్యవధిలో రైతు ఒక కారు తిండిగింజలనైనా వదులుకోవాలి. అర హెక్టారు కమతంలో ఇది చిన్న త్యాగం కాదు.

విస్తరణ బోధనలో తరచు మరుగునపడే విషయం ఒకటుంది. ఆకులోని నత్రజనిలో అధిక భాగం గాలి నుంచి వచ్చినది కనుక అది నేలకు నికర లాభం. భాస్వరం మాత్రం అదే నేల నుంచి పీల్చినది. అవశేషాలు దానిని తిరిగి ఇస్తాయే తప్ప కొత్తగా చేర్చవు. పైగా భాస్వరం చాలని నేలలో పప్పుజాతి వేర్లపై బుడిపెలే సరిగా ఏర్పడవు. కనుక రాతి భాస్వరాన్ని మొక్కజొన్నకు కాక దానికి ముందు వేసే పప్పుజాతి పైరుకు ఇవ్వడం సమంజసం. గాలి నత్రజనిని స్థిరీకరించే మొక్క వేర్లు హైడ్రోజన్ అయాన్లను విడుదల చేస్తాయి. ఆ ఆమ్లత్వం రాతిని కరిగించడానికి తోడ్పడుతుంది. నైట్రేట్ రూపంలో నత్రజనిని పీల్చే మొక్కజొన్న వేరు చుట్టూ ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. కందిది మరో విశేషం. దాని వేర్లు స్రవించే పిసిడిక్ ఆమ్లం ఎర్ర నేలల్లో ఇనుముతో బంధితమైన భాస్వరాన్ని విడిపిస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 1990లో వెల్లడించారు.

నత్రజని 2.5 శాతం పైన, లిగ్నిన్ 15 శాతం లోపు, పాలీఫినాల్స్ 4 శాతం లోపు ఉన్న ఆకు త్వరగా కుళ్లి పైరుకు అందుతుంది. కంది కట్టె ఈ కోవలోకి రాదు. ఎలాగూ అది పొయ్యికే చేరుతుంది.

ఈ పద్ధతిని తెలుగు నేలలన్నిటికీ సిఫారసు చేయరాదు. సున్నపు నల్లరేగళ్లలో రాతి భాస్వరం దాదాపు కరగదు. విశాఖ మన్యంలోని ఆమ్ల నేలల వంటి చోట్లనే దీనికి తావుంది. అక్కడ కూడా మింజింగు మోతాదులను యథాతథంగా అనుసరించరాదు, ఎందుకంటే ఉదయపూర్ సమీపంలోని ఝామర్‌కోట్ర శిల అంత సులువుగా కరిగేది కాదు. సూపర్ ఫాస్ఫేట్‌ను సాలులో వేయమని చెప్పడం అలవాటు. ఈ పొడిని మాత్రం మెత్తగా నూరి, పొలమంతా వెదజల్లి కలియదున్నాలి.